ఎండకు చర్మం కమిలిందా? టూత్‌పేస్ట్, నిమ్మకాయ జోలికి పోకండి

పోయిన మే నెలలో మా ఖాలా కొడుకు మధ్యాహ్నమంతా బైక్ మీద పార్సిళ్లు పంచి ఇంటికొచ్చాడు. వేసుకున్నది పొట్టి చేతుల చొక్కా. చేతులు, మెడ వెనకాల ఒకటే మంట అన్నాడు. ఖాలా టూత్‌పేస్ట్ పూసింది. తగ్గలేదని నిమ్మచెక్క రుద్దింది. తెల్లారేసరికి నీటి బొబ్బలు లేచాయి. నాలుగు రోజులు బండి తీయలేదు. పోకపోతే డబ్బులు రాని పని అది.

తప్పంతా నిమ్మకాయదే అనలేం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మం పై పొరను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బ కొన్ని గంటల తర్వాతే బయటపడుతుంది, దాదాపు 24 గంటలకు మంట బాగా ముదురుతుంది. అంటే ఏమీ పూయకపోయినా ఆ రాత్రి మంట పెరిగేదే. పైన పులుపు పడితే ఇంకా రేగుతుంది. నిమ్మరసం అంటిన చర్మానికి మళ్లీ ఎండ తగిలితే నల్ల మచ్చలు కూడా పడతాయి. చామనఛాయ వాళ్లకు కమలదు అనే మాట కూడా నిజం కాదు. ఎరుపు కనబడకపోవచ్చు, వేడి, నొప్పి మాత్రం తెలుస్తాయి.

మరి ఏం చేయాలి? ముందు నీడకు రండి. కమిలిన చోట చల్లటి నీళ్లు పోయండి, లేదా తడి నూలు గుడ్డ 10-15 నిమిషాలు ఉంచండి. రోజులో ఎన్నిసార్లయినా చేయొచ్చు. ఐస్ నేరుగా పెట్టకండి. తుడిచేటప్పుడు, వుజూ చేసేటప్పుడు రుద్దొద్దు. కొంచెం తడి ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ గానీ కలబంద జెల్ గానీ రాయండి. కుండీలోని కలబంద వాడితే కోసిన ముక్క నుంచి కారే పసుపు రసం పూర్తిగా కడిగేయండి, దాంతో దురద వస్తుంది. నెయ్యి, వెన్న, వాజెలిన్ మొదట్లో వద్దు, వేడిని లోపలే ఆపేస్తాయి.

నీళ్లు, మజ్జిగ మామూలు కంటే ఎక్కువ తాగాలి. నొప్పికి పారాసిటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. బొబ్బలు చిదమకండి, ఆ పైచర్మమే కట్టులా కాపాడుతుంది. కొన్ని రోజులకు పొట్టు లేస్తుంది, దాన్నీ పీకొద్దు.

జ్వరం, చలి, వాంతులు, తల తిరగడం, ముఖం వాపు, పెద్ద బొబ్బలు, చీము ఉంటే ఇంటి వైద్యం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏడాది లోపు పాపకు కమిలితే అసలు ఆగొద్దు. మనిషి తికమకగా మాట్లాడుతుంటే అది వడదెబ్బ కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి. డాక్సీసైక్లిన్ లాంటి కొన్ని మాత్రలు వాడేవాళ్లకు తక్కువ ఎండకే చర్మం కమలుతుంది. మాత్రలు రాయించుకునేటప్పుడు ఈ సంగతి అడగండి.

మానేదాకా ఆ చోటును గుడ్డతో కప్పుకోండి. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలో తిరగక తప్పనివాళ్లకు పొడుగు చేతుల నూలు చొక్కానే మొదటి మందు. బట్ట కప్పని చోట ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, రెండు గంటలకోసారి. మా తమ్ముడు ఇప్పుడు చేతులకు స్లీవ్స్ తొడుక్కుని వెళ్తున్నాడు.

ఉమ్రాకు వెళ్లే మగవాళ్లకు ఒక మాట. ఇహ్రాంలో తల మీద బట్ట ఉండదు కాబట్టి గొడుగు, సువాసన లేని సన్‌స్క్రీన్ సామానులో పెట్టుకోండి. గుండు చేయించుకున్నాక మాడు ఎప్పుడూ ఎండ చూడని చర్మం, చాలా త్వరగా కమిలిపోతుంది. ఇహ్రాం విప్పగానే టోపీ పెట్టుకోవడం మర్చిపోకండి.