విండోస్‌లో గిట్‌ను నెలకొల్పడం

ప్రాజెక్టు రాసేటప్పుడు 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలు ఫైనల్' అంటూ ఒకే ఫైలుకు నాలుగు నకళ్ళు దాచుకోవడం మీలో చాలామందికి అలవాటే. తీరా సమర్పించే రోజున సరైనది ఏదో తేలదు. ఈ చిక్కును తీర్చేదే వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు నమోదు చేశారో అది గుర్తుంచుకుంటుంది. అడిగితే పాత రూపాన్ని తిరిగి ఇస్తుంది. ఈ తరహా సాఫ్ట్‌వేర్‌లలో బాగా వాడుకలో ఉన్న గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేశారు. లైనక్స్ బృందం అంతవరకు వాడుతున్న బిట్‌కీపర్ ఆ ఏడాది వారికి ఉచితంగా అందకుండా పోవడమే అందుకు కారణం.

గిట్ అధికారిక వెబ్‌సైటులో విండోస్ ఇన్‌స్టాలర్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని నడిపితే చాలా ప్రశ్నలు అడుగుతుంది. ఎక్కువ వాటికి 'నెక్స్ట్' నొక్కితే సరిపోతుంది. రెండుచోట్ల మాత్రం ఆగండి.

మొదటిది ఎడిటర్. అక్కడ ముందే ఎంచి ఉండేది విమ్. అలవాటు లేనివారికి అందులోంచి బయటపడే దారే దొరకదు! నోట్‌ప్యాడ్ ఎంచుకోండి.

రెండవది పంక్తి ముగింపు. టైపు మిషన్‌లో పంక్తి పూర్తికాగానే రెండు పనులు జరగాలి: క్యారేజీ మొదటికి రావాలి, కాగితం ఒక పంక్తి పైకి జరగాలి. ఈ రెంటికీ రెండు సంకేతాలున్నాయి. విండోస్ రెంటినీ రాస్తుంది; లైనక్స్ రెండవదానితోనే సరిపెట్టుకుంటుంది. మీరు విండోస్‌లో, మీ మిత్రుడు లైనక్స్‌లో ఒకే ఫైలును దిద్దారనుకోండి. ఒక్క అక్షరం మారినా ఫైలంతా మారినట్లు గిట్ చూపవచ్చు. అసలు మార్పు ఆ గుంపులో కనబడదు. అందుకే ఇన్‌స్టాలర్ చూపే మొదటి ఎంపికను అలాగే ఉంచండి. ఫైలు మీ దగ్గర విండోస్ పద్ధతిలో ఉంటుంది, నమోదు మాత్రం లైనక్స్ పద్ధతిలో జరుగుతుంది.

ఇన్‌స్టలేషన్ పూర్తయ్యాక గిట్ బాష్ తెరిచి, 'గిట్ కాన్ఫిగ్' ఆదేశంతో మీ పేరు, ఈమెయిల్ ఇవ్వండి. ఇవి లేకపోతే మొదటి నమోదు దగ్గరే గిట్ అభ్యంతరం చెబుతుంది. ప్రతి నమోదులోనూ ఇవి చేరతాయి. ప్రాజెక్టును బయట పెడితే అందరికీ కనిపిస్తాయి. కాబట్టి ఏ ఈమెయిల్ ఇవ్వాలో ముందే ఆలోచించుకోండి.

ఇక మీ ప్రాజెక్టు ఫోల్డరులోకి వెళ్ళి 'గిట్ ఇనిట్' అనండి. లోపల 'డాట్ గిట్' అనే దాగిన ఫోల్డరు ఒకటి ఏర్పడుతుంది. మీరు నమోదు చేసే చరిత్ర అంతా అందులోనే ఉంటుంది. చెత్త అనుకొని దాన్ని తుడిచేస్తే నేటి ఫైళ్ళు మిగులుతాయి, నిన్నటివి పోతాయి.