ఇరవై టన్నుల బండ, 170 గ్రాముల బరువు

చీమకుర్తి నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో ఏళ్ల తరబడి డ్రిల్లింగ్ పని చేస్తున్న మనిషి. ఇంటర్ చదివే కొడుకు రాత్రిళ్లు కంప్యూటర్లో 'ఎలీట్ డేంజరస్' అనే ఆట ఆడుతున్నాడట. ఓడ వేసుకుని ఏదో గ్రహం చుట్టూ ఉన్న వలయంలోకి పోతాడు, బండల మీద లేజర్ కొడతాడు, రాలిన ముక్కలు ఏరి అమ్ముకుంటాడు. తండ్రి వెనక నిలబడి కాసేపు చూసి మాకు రాసిన ప్రశ్న ఇది: "లేజర్ సంగతి నాకు తెలియదు. మామూలు డ్రిల్లు పెడితే మాత్రం, బండను నెట్టినప్పుడు ఓడ వెనక్కి పోదా? దాన్ని పట్టి ఉంచేది ఏమిటి?"

ఈ నెలకు వేరే విషయం సిద్ధం చేసుకున్నాను. ఈ ఉత్తరం చదివాక దాన్ని పక్కన పడేశాను. గ్రహశకలాల్లో ప్లాటినం ఉంది, బంగారం ఉంది అని ఊదరగొట్టే వార్తలు నూటికి తొంభై ఈ ప్రశ్న జోలికే రావు. డ్రిల్లు చేత్తో పట్టినవాడికి మాత్రం అదే ముందు తట్టింది.

ప్రాథమిక విషయాలు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సూర్యుడి చుట్టూ, ముఖ్యంగా కుజుడికీ గురుడికీ మధ్య, గ్రహంగా కూడలేకపోయిన రాళ్లు లక్షల్లో తిరుగుతున్నాయి. మొదటిదైన సెరెస్‌ను 1801లో పియాజ్జి చూశాడు. కొన్ని రాళ్లు భూమి దారికి దగ్గరగా కూడా వస్తాయి. మనం సులువుగా పోగలిగేవి అవే.

ఆ రాళ్లు మనకు కొత్తవి కావు. చీమకుర్తి రాయిని గ్రానైట్ అని అమ్ముతారు గానీ, భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి శిల. నల్లటి పాలిష్ మీద చుక్కల్లా మెరిసే ఆ రాగిరంగు రేకులు బ్రాంజైట్ అనే ఖనిజం. ఆకాశం నుంచి పడే ఉల్కల్లో హెచ్ కాండ్రైట్లని ఒక పెద్ద తెగ ఉంది. వాటిని పాత పుస్తకాలు బ్రాంజైట్ కాండ్రైట్లనే రాసేవి, ఎందుకంటే వాటిలో ఉన్నదీ ఆ ఖనిజమే. 1852లో నెల్లూరు ప్రాంతంలో పడిన యాటూరు ఉల్క ఆ తెగదే. కాబట్టి ఆ కుర్రాడు తెరమీద తవ్వే ఖనిజాల్లాంటివి, తండ్రి రోజూ కోస్తున్న బండలోనే ఉన్నాయి.

ఇక అసలు సంగతికి వద్దాం. క్వారీలో బండకు రంధ్రం వేసేటప్పుడు పనిచేసేది డ్రిల్లు మొన ఒక్కటే కాదు. మొన వెనక యంత్రం బరువుంది, దాన్ని అదిమే మనిషి బరువుంది, ఆ రెండింటినీ కిందికి లాగే భూమి ఉంది. నువ్వు బండను ఎంత బలంతో నెడితే బండ నిన్ను అంతే బలంతో నెడుతుందని న్యూటన్ మూడో సూత్రం. భూమ్మీద ఆ ఎదురు తోపును మన బరువు మింగేస్తుంది కాబట్టి మనకు తెలియదు. బరువే లేని చోట?

బెన్ను అనే గ్రహశకలాన్ని తీసుకుందాం. వ్యాసం సుమారు 490 మీటర్లు. అక్కడి గురుత్వాకర్షణ మన భూమి మీద ఉన్నదాంట్లో లక్షా ఇరవై వేలో వంతు. చీమకుర్తిలో క్రేను కట్టి లేపే ఇరవై టన్నుల బ్లాకు అక్కడ తూగేది 170 గ్రాములు. మీటరు ఎత్తు నుంచి ఒక రాయి వదిలితే కింద పడటానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. సెకనుకు 20 సెంటీమీటర్ల వేగం అందుకుంటే చాలు, ఆ వస్తువు ఇక తిరిగి రాదు. పాకే పసివాడి వేగం కూడా అంతకంటే ఎక్కువే.

ఇప్పుడు అక్కడ రెండు టన్నుల తవ్వకం యంత్రాన్ని దించి, డ్రిల్లును యాభై కిలోల తోపుతో అదమండి. యాభై కిలోలంటే మన జాక్‌హామర్ మనిషికి లెక్కలోకి రాని తోపు. అక్కడ మాత్రం ఒక్క సెకను నిండకముందే యంత్రం ఆ 20 సెంటీమీటర్ల వేగం అందుకుంటుంది. రంధ్రం పడదు, యంత్రం వెళ్లిపోతుంది. మన చీమకుర్తి ఆసామి అనుమానానికి జవాబు ఇదే: పోతుంది, తిరిగి రాకుండా పోతుంది.

మరి 170 గ్రాముల బండను వేలితో ఎత్తేయొచ్చు కదా అనిపిస్తుంది. ఎత్తొచ్చు. కానీ బరువు పోయింది గానీ జడత్వం పోలేదు. కదిలించాలన్నా, కదిలేదాన్ని ఆపాలన్నా అది ఇరవై టన్నులే. సెకనుకు 20 సెంటీమీటర్ల చొప్పున నింపాదిగా తేలివస్తున్న ఆ బ్లాకును మీటరు దూరంలో ఆపాలంటే నలభై కిలోల బలం కావాలి. ఆ బలం పెట్టడానికి కాలు ఆనించే నేల లేదు. బండకీ ఓడకీ మధ్య ఇరుక్కున్నవాడికి దాని బరువు 170 గ్రాములే అన్న సంగతి ఏమాత్రం ఊరట కాదు.

సరే, నేలను పట్టుకుందామంటే ఆ నేల ఎలాంటిది? ఇక్కడే నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క ఉంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ బస్తా విప్పి తిరగేస్తే ఎండుమిరపకాయలు గలగలా జారిపోతాయి. అదే కాయను మరపట్టించి చూడండి, కారం డబ్బా గోడలకు అంటుకుంటుంది, బోర్లించినా కొంత రాలదు. రేణువు చిన్నదయ్యేకొద్దీ దాని బరువు ఘనం లెక్కన తగ్గిపోతుంది, పక్క రేణువును అంటిపెట్టుకునే బలం మాత్రం వ్యాసం లెక్కనే తగ్గుతుంది. అందుకే ఒక సైజు దిగాక జిగటదే పైచేయి. మరి గురుత్వాకర్షణే లక్షా ఇరవై వేల రెట్లు తగ్గితే? ఆ హద్దు దాని వర్గమూలమంత, అంటే దాదాపు 350 రెట్లు పెద్ద సైజుకు జరుగుతుంది. ఇక్కడ పదో వంతు మిల్లీమీటరు పొడి ఎలా ప్రవర్తిస్తుందో, అక్కడ మూడు నాలుగు సెంటీమీటర్ల గులకరాయి అలా ప్రవర్తించాలి! కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ షీరెస్ బృందం 2010లో ఈ దారిలోనే లెక్కకట్టింది. చిన్న గ్రహశకలాల మీద రాజ్యం గురుత్వాకర్షణది కాదు, రేణువుల మధ్య ఉండే ఈ బలహీనమైన అంటుకుపోయే గుణానిదేనని చెప్పింది.

ఆ జిగట రాళ్ల సొంత బరువును మోయడానికి సరిపోతుంది. ఓడను ఆపడానికి సరిపోదు. 2020 అక్టోబర్ 20న నాసా ఒసైరిస్-రెక్స్ నౌక బెన్నును తాకినప్పుడు ఇది బయటపడింది. సెకనుకు పది సెంటీమీటర్ల వేగంతో, తలుపు తట్టినంత మెల్లగా వచ్చి ఆనింది. ముందుకు చాపిన చెయ్యి ఆగలేదు. అర మీటరు లోతుకు దిగిపోయింది. వెంటనే రాకెట్లు వెలిగించి వెనక్కి లాక్కోకపోతే ఇంకా కూరుకుపోయేదే. కంటికి బండల గుట్టలా కనిపించింది కాస్తా, తాకితే నీళ్లలా చోటిచ్చింది. ఆ నౌక తవ్వలేదని గమనించండి. నైట్రోజన్ వాయువు ఊది, లేచిన గులకను పట్టుకుని వచ్చేసింది. నేలతో పొత్తు కొన్ని సెకన్లే.

ఇలాంటి నేలను తప్పుగా ఊహించినవాళ్లు తక్కువేం కాదు. 1998 నాటి 'ఆర్మగెడాన్' సినిమా ఆయిల్ డ్రిల్లర్లను గ్రహశకలం మీదికి పంపి బోరు వేయించింది. సినిమావాళ్లను వదిలేద్దాం. 2014 నవంబర్ 12న ఐరోపావాళ్ల ఫైలీ ల్యాండర్ ఒక తోకచుక్క మీద దిగింది. వంద కిలోల యంత్రం. నేలను పట్టుకోవడానికి ఈటెలు పెట్టారు, పైనుంచి అదమడానికి చిన్న రాకెట్టు పెట్టారు. రెండూ పనిచేయలేదు. మొదటి గెంతుకే దాదాపు రెండు గంటలు పైన తేలి, చివరికి ఏదో కొండ నీడలో పక్కకు ఒరిగి ఆగింది. బెన్ను సంగతి ఇంకా తమాషా. పగలూ రాత్రీ వేడెక్కి చల్లారే తీరును దూరం నుంచి కొలిచి, పైన సన్నటి గులక పరిచినట్టుంటుందని నిపుణులు తేల్చారు. 50 మీటర్ల వెడల్పున దిగే చోటు దొరుకుతుందనుకున్నారు. తీరా వెళ్తే ఎటు చూసినా బండలు, బొరియలున్న బోలు బండలు. అందుకే అవి పొడిలా త్వరగా చల్లారాయి. చివరికి దిగింది 16 మీటర్ల చోట, చుట్టూ రాళ్ల మధ్య.

అసలు ఈ గ్రహశకలాలు ఏకశిలలు కావనే సంగతి తాకకుండానే చెప్పే ఆధారం ఒకటుంది. సుమారు 200 మీటర్లకు మించిన గ్రహశకలాల్లో 2.2 గంటలకంటే వేగంగా ఒక చుట్టు తిరిగేవి దాదాపు లేవు. ఎందుకంటే అంతకంటే వేగమైతే మధ్యరేఖ దగ్గరి రాయి ఎగిరిపోతుంది. ఆ హద్దు రాయి సాంద్రతను బట్టే వస్తుంది, కాగితం మీద రెండు లైన్లలో తేలే లెక్క. గట్టి బండలైతే ఇంకా వేగంగా తిరగగలవు. తిరగడం లేదంటే వదులుగా పోగుపడ్డ రాళ్ల కుప్పలన్నమాట.

ఇప్పుడు ఆటను చూద్దాం. ఎలీట్‌లో లేజర్ తాకకుండా కోస్తుంది కాబట్టి ఎదురు తోపు గొడవ చాలావరకు తప్పింది. చేసినవాళ్లు ఆలోచించి చేశారో, చూడ్డానికి బాగుందని చేశారో గానీ, ఆ ఒక్క విషయంలో వాళ్లు గురి తప్పలేదు. రాలిన ముక్కలు మెల్లగా దొర్లుతూ తేలడం, వాటిని ఏరే చిన్న డ్రోన్లు, అదీ బాగుంది. అందులో ఇంకో పద్ధతి ఉంది: బండ పగుళ్లలో మందు అమర్చి, తూకం చూసుకుని, దూరం జరిగి పేల్చడం. అచ్చం క్వారీ పనే. గట్టి బండకైతే సరే, రాళ్ల కుప్పలో మందు పేలిస్తే ఏమవుతుంది? జపాన్ హయబుసా-2 నౌక 2019 ఏప్రిల్ 5న ర్యూగూ అనే గ్రహశకలం మీదికి రెండు కిలోల రాగి గుండును సెకనుకు రెండు కిలోమీటర్ల వేగంతో కొట్టింది. 14 మీటర్లకు పైగా వెడల్పున గుంట పడింది. సరుకు పగిలి చేతికి రాదు, చెల్లాచెదురై పోతుంది. వెళ్లే దారి విషయంలోనైతే ఎలీట్ మరీ మోసం. ఇంధనం, కక్ష్యల లెక్క ఒంటబట్టాలంటే ఆ కుర్రాడు 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్' ఆడాలి. అందులో గ్రహశకలాన్ని పట్టడానికి పంజా కూడా ఉంది. పట్టుకోకుండా పని మొదలవదని ఆ ఆటకు తెలుసు.

నిజం ప్రపంచంలో పరిష్కారాలూ పట్టు చుట్టూనే తిరుగుతున్నాయి. నాసా కెనడీ కేంద్రంలో చేసిన రాసర్ అనే యంత్రానికి ముందొకటి వెనకొకటి తవ్వే డ్రమ్ములుంటాయి. రెండూ ఎదురెదురుగా తిరిగి, ఒకదాని తోపును రెండోది కొట్టేస్తుంది. ఇంకొందరు రాయినంతా సంచిలో బిగించి, అద్దాలతో ఎండను గురిపెట్టి అందులోని నీటిని ఆవిరిగా లాగాలంటున్నారు. క్వారీలో బండ కోసే డైమండ్ వైరు మాట ఎత్తొద్దు, చల్లార్చే నీళ్లు ఎవరు పోస్తారు?

లాభాల సంగతి అడుగుతారు. ప్లానెటరీ రిసోర్సెస్ అనే గ్రహశకలాల తవ్వకం కంపెనీ 2012లో ఆర్భాటంగా ముందుకొచ్చింది, 2018లో వేరే కంపెనీ చేతికి పోయింది. ఆస్ట్రోఫోర్జ్ అనే ఇంకో కంపెనీ 2025 ఫిబ్రవరిలో పంపిన ఓడిన్ నౌకతో సంబంధాలు తెగిపోయాయి. 'సైకీ' శకలంలోని లోహం విలువ ఇన్ని కోట్ల కోట్లు అని రాసేవాళ్లున్నారు. అంత లోహం బజారుకొస్తే ధర ఏమవుతుందో మిర్చి రైతునడిగితే చెప్తాడు. ఇటోకావా అనే శకలం నుంచి మిల్లీగ్రాము కూడా లేని ధూళి, ర్యూగూ నుంచి 5.4 గ్రాములు, బెన్ను నుంచి 121.6 గ్రాములు. మనుషులు ఇప్పటిదాకా గ్రహశకలాల నుంచి తెచ్చింది మొత్తం 127 గ్రాములు. బెన్ను యాత్ర ఒక్కదానికే వంద కోట్ల డాలర్లు దాటింది.

2025 మే చివర చైనా తియాన్‌వెన్-2 నౌకను కామోఓఆలేవా అనే చిన్న శకలానికి పంపింది. అది వంద మీటర్లకు లోపే, 28 నిమిషాలకో చుట్టు తిరుగుతుంది. అక్కడి మధ్యరేఖ మీద లాగే బలం కంటే విసిరేసే బలమే ఎక్కువ. వదులు రాయి నిలవదు, పట్టు లేని యంత్రమూ నిలవదు. అందుకే తాకి పారిపోయే పద్ధతితోపాటు, చేతులు చాపి వాటి చివర డ్రిల్లులతో రాయిని కరిచి నిలబడే పద్ధతిని కూడా ఆ యాత్ర పథకంలో పెట్టారు. నమూనా పెట్టె 2027 చివర్లో భూమికి చేరాలి. చీమకుర్తి పాఠకుడికి నా మనవి: గ్రాముల లెక్క పేపర్లు రాస్తాయి, మీరు ఆ చేతులు పట్టాయా లేదా అన్నది చూడండి.