'కాష్' అనడం మనకు తెలుసు.. ఇంగ్లిష్‌లో ఎలా అనాలి?

ఈద్ రోజు 'విష్ యూ ఈద్ ముబారక్' అని మెసేజ్ పెట్టడం చిన్న పిల్లలకూ వచ్చు. అదే 'విష్' అనే మాటతో కోరికో, పశ్చాత్తాపమో చెప్పాల్సి వస్తే మాత్రం డిగ్రీ చదివినవాళ్లు కూడా తడబడతారు. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ ఫార్మా కంపెనీలైనా, మేడ్చల్ పారిశ్రామిక వాడలైనా, ఇంగ్లిష్‌లో ఇంటర్వ్యూ ఉంటే 'ఆ పనిని ఇప్పుడైతే ఎలా చేసేవారు?' అని అడగొచ్చు. జవాబు మనసులో ఉంటుంది. క్రియ దగ్గర తప్పితే అర్థమే తిరగబడుతుంది.

అయితే ఈ పాఠంలో సగం మన ఇళ్లలోనే ఉంది. ఉర్దూలో 'కాష్ మేరే పాస్ బైక్ హోతీ' అంటాం. 'హై' అనం. తెలుగులో 'బైక్ ఉంటే బాగుండేది' అంటాం. 'బాగుంది' అనం. ఇంగ్లిష్ కూడా అంతే. లేనిదాన్ని కోరుకునేటప్పుడు క్రియను ఒక అడుగు వెనక్కి వేస్తుంది: 'ఐ విష్ ఐ హ్యాడ్ ఎ బైక్.' ఇక్కడ 'హ్యాడ్' భూతకాలంలా కనిపిస్తుంది గానీ, చెబుతున్నది ఇవాళ్టి సంగతే. ఇప్పుడు బైక్ లేదని అర్థం.

జరిగిపోయిన దాని గురించి బాధపడితే రెండడుగులు వెనక్కి వేయాలి. 'కాష్ మైనే డిగ్రీ పూరీ కీ హోతీ' అన్న మాట ఇంగ్లిష్‌లో 'ఐ విష్ ఐ హ్యాడ్ కంప్లీటెడ్ మై డిగ్రీ' అవుతుంది. 'ఐ విష్' బదులు 'ఇఫ్ ఓన్లీ' అంటే బాధ ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

ఇంకా అవకాశం ఉన్నదానికి ఈ 'విష్' పనికిరాదు. 'ఐ విష్ ఐ గెట్ దిస్ జాబ్' తప్పు. ఉద్యోగం వస్తుందనే ఆశ ఉంది కాబట్టి 'ఐ హోప్ ఐ గెట్ దిస్ జాబ్' అనాలి.

అసలు చిక్కు 'చెప్పాల్సింది' అన్న మాటతో వస్తుంది. మెషీన్‌లో తేడా వచ్చినా ఒకబ్బాయి సూపర్‌వైజర్‌కి చెప్పలేదనుకుందాం. 'చెప్పాల్సింది సార్' అనబోయి 'ఐ హ్యాడ్ టు టెల్ యూ' అంటే, వినేవాళ్లకు 'చెప్పాల్సి వచ్చింది, చెప్పాను' అని అర్థమవుతుంది. తప్పు ఒప్పుకోబోయిన మనిషి అబద్ధమాడినట్టు అవుతుంది! అక్కడ అనాల్సింది 'ఐ షుడ్ హ్యావ్ టోల్డ్ యూ.' ఉర్దూలో చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. 'బతానా పడా' అంటే 'హ్యాడ్ టు'. 'బతానా చాహియే థా' అంటే 'షుడ్ హ్యావ్'.

2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లో పిల్లలు ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్నారు. ఉర్దూ లేదా తెలుగు మీడియంలో చదివిన అమ్మీ, అబ్బాలు 'మాకేం తెలుసు' అని పక్కకు తప్పుకోనక్కర్లేదు. సెలవులకు పిల్లలు ఇంటికొచ్చినప్పుడు దస్తర్‌ఖాన్ దగ్గర రోజూ ఒక్క 'కాష్' వాక్యం మీరు చెప్పండి. పిల్లలు దాన్ని ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పాలి. ఇంగ్లిష్‌లోకి మార్చేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఇప్పుడు లేనిదా, అయిపోయిందా, ఇంకా జరిగే వీలుందా?

ఈ రాత్రికి మూడు వాక్యాలు:

'కాష్ ఆజ్ ఛుట్టీ హోతీ' (ఇప్పుడు లేనిది): 'ఐ విష్ టుడే వర్ ఎ హాలిడే.' మాటల్లో 'వాజ్' అన్నా నడుస్తుంది.

'టైమ్‌కి బయల్దేరాల్సింది' (అయిపోయింది): 'ఐ షుడ్ హ్యావ్ లెఫ్ట్ ఆన్ టైమ్.'

'రిజల్ట్ మంచిగా రావాలి' (వీలుంది): 'ఐ హోప్ ద రిజల్ట్ ఈజ్ గుడ్.'

జవాబులు కనిపించకుండా చెయ్యి అడ్డం పెట్టి పిల్లల్ని అడిగి చూడండి. తర్వాత మీరూ చెప్పి చూడండి.