పరిశోధన ఫలితం పదిమందికి చేరే మార్గం

ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన బిలాస్‌పూర్‌లో, రైల్వే కొలువుల నిమిత్తం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఆ పట్టణానికి 30–40 కిలోమీటర్ల దూరంలో మల్హార్ అనే ప్రాచీన స్థలం ఉన్నది. 1975–78 మధ్య సాగర్ విశ్వవిద్యాలయం జరిపిన తవ్వకాలలో అక్కడ సాతవాహనుల కాలపు ఆవాసం వెలుగుచూసింది. శైవ, జైన శిల్పాలతోపాటు బౌద్ధ శిల్పాలు కూడ అక్కడ లభించాయి. ఇట్టి స్థలంపై కృషి ఆరంభించిన యువ పరిశోధకుడు తన విషయాన్ని రైల్వే కాలనీవాసులకు ఏ రీతిని వివరించాలి?

సిద్ధాంత గ్రంథంలోని అధ్యాయాలను వరుసగా సంగ్రహించి చదవడం తరచు జరిగే పొరపాటు. పూర్వ పరిశోధనల సమీక్ష పరీక్షకులకు అవసరం. శ్రోతలకు ఒక ప్రశ్న, దానికి ఆధారమైన ఒక వస్తువు చాలు. సాతవాహనులు తెలుగువారికి బడి చదువు నాటినుండి పరిచితులు. ఆ పరిచయంతో మొదలుపెడితే మల్హార్ వారికి పరాయి స్థలంగా తోచదు.

సులభంగా చెప్పడం శాస్త్రాన్ని పలుచన చేయడమే అన్న శంక అక్కరలేదు. పండితులకు మూలమధ్యమక కారికలను అందించిన ఆచార్య నాగార్జునుడే సుహృల్లేఖను ఒక రాజుకు లేఖారూపంలో రచించాడు. ఆ రాజు సాతవాహనుడని సంప్రదాయం. విద్యార్థులు ఆ లేఖను కంఠస్థం చేసేవారని 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు ఇత్సింగ్ తెలిపాడు. గ్రహీత మారినప్పుడు ఆచార్యుని భాష మారింది, ధర్మం మారలేదు.

అయితే జనరంజకత్వంలో ఒక ప్రమాదం ఉన్నది. నాగార్జునుడు కోసలలో నివసించాడని హ్యుయాన్‌త్సాంగ్ వ్రాశాడు. ఛత్తీస్‌గఢ్ ప్రాంతం నాటి దక్షిణ కోసలలోనిది. కనుక ‘ఆచార్యుడు ఈ నేలపైనే నడిచాడు’ అంటే సభ పులకిస్తుంది. కాని ఆ యాత్రికుడు నాగార్జునునికి సుమారు 4 శతాబ్దాల తరువాతివాడు. తవ్వకంలో లభించినది, గ్రంథంలో వ్రాసి ఉన్నది, పరిశోధకుడు ఊహించినది అనే మూడింటిని వేరువేరుగా చెప్పితీరాలి. సిగ్నల్ లేనిదే బండిని ముందుకు నడపని రైల్వేవారికి ఈ నియమం సులభంగానే బోధపడుతుంది.

ఈ నేర్పు అలవరచడం మార్గదర్శకుల బాధ్యత. విద్యార్థి తన విషయాన్ని ఆ శాస్త్రం తెలియని ఒకరికి 3 నిమిషాలలో చెప్పాలి. విన్నవారు దానిని తిరిగి తమ మాటలలో చెప్పాలి. వారు ఎక్కడ తడబడితే అక్కడ వివరణ లోపించినట్లు. ఊహను నిజంగా చెప్పితే, హద్దు స్పష్టం కానట్లు. ఈ అభ్యాసం ఉపన్యాసానికే కాక గ్రంథరచనకూ ఉపకరిస్తుంది.

గ్రంథాలయానికే పరిమితమైన జ్ఞానం శిథిలాలను కాపాడలేదు. పొలంలో బయటపడిన రాతిముక్క విలువ ఎరిగిన పొరుగువారే వాటికి తొలి రక్షకులు.