జీపు వెనక కమాన్లు, ఇరుసు: పట్టీలు పెంచితే బలం పెరిగినట్టేనా?



మన ఏజెన్సీలో జీపు ఎక్కనివాళ్ళు ఎవరూ ఉండరు. సంతకు వెళ్ళాలన్నా, జ్వరమొచ్చి రంపచోడవరం ఆసుపత్రికి పోవాలన్నా, సెలవులిస్తే ఇంటికి చేరాలన్నా, బస్సు రాని ఊళ్ళకు జీపే దిక్కు. ఇప్పుడు వాటితోపాటు బొలేరోలు, ఆటోలు కూడా తిరుగుతున్నాయి. మారేడుమిల్లి వచ్చిన టూరిస్టుల్ని గుడిస కొండ మీదికి ఎక్కించేవి కూడా ఇలాంటి బళ్ళే.

ఈ బళ్ళ దగ్గర నిలబడితే ఒక మాట వినబడుతుంది. "వెనక రెండు పట్టీలు ఎక్కువ వేయించానండి, ఇంక ఎంతమంది ఎక్కినా ఏం కాదు" అని. ఇది నిజమేనా? దీనికి జవాబు తెలియాలంటే ముందు బండి వెనక భాగంలో ఏముందో చూడాలి.

<b>కమాను అంటే విల్లే</b>

జీపు వెనక చక్రాల దగ్గర వంగి చూస్తే, ఒకదాని కింద ఒకటి పేర్చిన ఇనప పట్టీలు కనబడతాయి. దాన్నే మేస్త్రీలు కమాను కట్ట అంటారు. కమాను అంటే విల్లు. మన ఊళ్ళలో విల్లు పట్టినవాళ్ళకు దాని గుణం వేరే చెప్పక్కర్లేదు. లాగితే వంగుతుంది, వదిలితే తిరిగి తన రూపానికి వస్తుంది. కమాను పని కూడా అంతే. చక్రం రాయి ఎక్కినప్పుడు కమాను వంగి ఆ దెబ్బను తాను మింగుతుంది. అందువల్ల లోపల కూర్చున్నవాళ్ళ నడుముకు పూర్తి దెబ్బ తగలదు.

బండి కింద ఇలాంటి వంపు కమాన్లు కట్టే పద్ధతికి 1804లో ఇంగ్లాండులో ఒబడయా ఇలియట్ అనే బండ్ల తయారీదారు పేటెంటు తీసుకున్నాడు. అప్పటికింకా మోటారు లేదు. అవి గుర్రబ్బండ్లు. మన దేశానికి విల్లీస్ జీపుల్ని తెచ్చి బొంబాయిలో బిగించడం మహీంద్రా కంపెనీ 1947లో మొదలుపెట్టింది. ఆ జీపులకు ముందు, వెనక కూడా కమాను కట్టలే.

కట్టలో అన్నిటికన్నా పైది, పొడుగైనది తల్లి పట్టీ. దాని రెండు చివరలు గుండ్రంగా చుట్టి ఉంటాయి. అందులో బుష్ పెట్టి ఛాసిస్‌కు బిగిస్తారు. ఒక చివర కదలకుండా ఉంటుంది. రెండో చివర షాకిల్ అనే చిన్న ఊగే ముక్కకు ఉంటుంది. ఎందుకంటే కమాను వంగితే పొడుగు మారుతుంది, ఆ చివర కొంచెం ముందుకూ వెనక్కూ జరగాలి. పట్టీలన్నిటినీ మధ్యలో సెంటర్ బోల్టు కలిపి ఉంచుతుంది. ఇరుసును కమానుకు గట్టిగా పట్టి ఉంచేవి యూ బోల్టులు.

కమాను ఒక్కటే ఉంటే బండి ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాక్ అబ్జార్బర్. దాని లోపల నూనె ఉంటుంది. ఆ నూనె చిన్న చిన్న రంధ్రాల గుండా దూరి వెళ్ళాలి గనక ఊపు త్వరగా తగ్గిపోతుంది. షాక్ బరువును మొయ్యదు, ఊపును మాత్రమే ఆపుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

<b>ఇరుసు ఎన్ని పనులు చేస్తుంది?</b>

ఎడ్లబండి ఇరుసుకు ఒకటే పని, బరువు మొయ్యడం. జీపు వెనక ఇరుసుకు రెండు పనులు. బరువు మొయ్యాలి, ఇంజను నుంచి వచ్చే తిప్పుడును చక్రాలకు అందించాలి.

ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా గుండ్రంగా కనబడే భాగంలో డిఫరెన్షియల్ ఉంటుంది. చిన్న పళ్ళ చక్రం పినియన్, పెద్ద పళ్ళ చక్రం క్రౌన్. పాత విల్లీస్ సీజే రకం జీపుల్లో క్రౌనుకు 43 పళ్ళు, పినియనుకు 8 పళ్ళు ఉండేవి. 43ను 8తో భాగిస్తే 5.375. అంటే ప్రొపెల్లర్ షాఫ్టు ఐదుంపావు చుట్లకు పైన తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గింది, లాగే బలం పెరిగింది. ఘాట్ ఎక్కడానికి కావలసింది అదే.

డిఫరెన్షియల్ నుంచి రెండు చక్రాలకు రెండు షాఫ్టులు పోతాయి. ఇవి రెండు రకాలు.

మొదటిది సెమీ ఫ్లోటింగ్. ఇందులో షాఫ్టు చక్రాన్ని తిప్పుతుంది, చివర్లో బండి బరువు కూడా మోస్తుంది. షాఫ్టు విరిగితే చక్రమే ఊడి బయటకు రావచ్చు.

రెండోది ఫుల్ ఫ్లోటింగ్. ఇందులో బరువంతా హౌసింగ్ గొట్టం మీదున్న బేరింగులు మోస్తాయి. షాఫ్టుకు తిప్పడం తప్ప వేరే పని లేదు. లోడు లారీలకు ఈ రకం వాడతారు. లారీ నేల మీద నిలబడి ఉండగానే మేస్త్రీ షాఫ్టును బయటకు లాగెయ్యగలడు. చక్రం అలాగే ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్ జీపుకు వెనక ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసు ఉండేది. 1945లో జనం కోసం వచ్చిన సీజే జీపుకు, మొదటి కొన్ని బళ్ళ తర్వాత, సెమీ ఫ్లోటింగ్ పెట్టారు. చూడ్డానికి రెండూ ఒకేలాంటి జీపులు. మోసే తీరు మాత్రం వేరు.

<b>మార్పులు: ఏది చేస్తే ఏమవుతుంది?</b>

<b>1. పట్టీలు పెంచడం.</b> ఏడు పట్టీల కట్టకు అలాంటివే ఇంకో రెండు కలిపితే తొమ్మిది. బిగువు ఇంచుమించు పావు వంతుకు కొంచెం పైన పెరుగుతుంది. లోడు వేస్తే వెనక భాగం కిందికి దిగదు. కానీ ఖాళీగా పోయేటప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది. గతుకుల దారిలో చక్రం నేలను వదిలేస్తుంది. నేలను వదిలిన చక్రానికి లాగే బలం లేదు, బ్రేకు కూడా లేదు.

<b>2. మందం పట్టీలు వెయ్యడం.</b> ఇక్కడ మన లెక్కల పుస్తకం పనికొస్తుంది. పట్టీ బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ బదులు 8 మిల్లీమీటర్లది వేస్తే, 8 ఘనం 512, 6 ఘనం 216. 512ను 216తో భాగిస్తే 2.37. చూపుకు 2 మిల్లీమీటర్లే తేడా, బిగువు రెండు రెట్లు దాటిపోయింది. అందుకే చేతికి దొరికిన లారీ పట్టీని జీపు కట్టలో దూర్చకూడదు.

<b>3. ఎత్తు పెంచడం.</b> కొన్ని జీపుల్లో కమాను ఇరుసు కింద నుంచి పోతుంది. దాన్ని ఇరుసు మీదికి మారిస్తే బండి ఎత్తవుతుంది, రాళ్ళు తగలవు. కానీ ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారిపోయి దాని జాయింటు క్రాసులు త్వరగా అరుగుతాయి. బండి బరువు పైకి పోయినకొద్దీ మలుపులో బోల్తాపడే భయం పెరుగుతుంది. టాపు మీద మనుషులు కూడా ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

<b>4. పెద్ద టైర్లు.</b> 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే చుట్టుకొలత దాదాపు 11 శాతం పెరుగుతుంది. ఇంజను లాగే బలం నేల దగ్గరకు వచ్చేసరికి ఆ మేరకు తగ్గుతుంది. బ్రేకు పట్టు కూడా తగ్గుతుంది. అందుకే తెలిసిన మేస్త్రీలు టైరు మార్చితే క్రౌను, పినియను కూడా మార్చాలంటారు. స్పీడు ముల్లు కూడా ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

<b>5. చక్రాన్ని బయటకు జరపడం.</b> బండి వెడల్పుగా కనబడాలని హబ్‌కు, చక్రానికి మధ్య దిమ్మ పెడతారు. నీళ్ళ బకెట్టును ఒంటికి దగ్గరగా పట్టుకోండి, తర్వాత చెయ్యి బారచాచి పట్టుకోండి. నీళ్ళు అవే, నొప్పి వేరు. బేరింగుకు, షాఫ్టుకు కూడా ఇలాగే భారం పెరుగుతుంది.

<b>6. ఇరుసునే మార్చడం.</b> ఎక్కువ బలమున్న ఇరుసు వెయ్యొచ్చు. అప్పుడు దాని పళ్ళ లెక్క ముందు ఇరుసుతో సరిపోవాలి. ఫోర్ వీల్ వేసినప్పుడు రెండు ఇరుసులూ రెండు లెక్కల్లో తిరిగితే ఒకదానితో ఒకటి పోట్లాడుకుని పళ్ళు విరుగుతాయి.

<b>7. కాయిల్ స్ప్రింగులు.</b> 2010లో వచ్చిన థార్ జీపుకు వెనక కమాను కట్టలే. 2020లో వచ్చిన కొత్త థార్‌కు వెనక గట్టి ఇరుసునే ఉంచి, కమాన్లు తీసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. కమాను బరువును మోస్తుంది, ఇరుసును ఎటూ పోకుండా పట్టుకుంటుంది కూడా. కాయిల్‌కు ఆ రెండో పని చేతకాదు. అందుకని ఇరుసును పట్టుకోవడానికి విడిగా కడ్డీలు కట్టాలి. ఒక్క స్ప్రింగు మార్చడానికి ఇంత మార్చాల్సి వచ్చింది చూడండి.

<b>అసలు ప్రశ్నకు జవాబు</b>

బరువు ఏ దారిన నేలకు పోతుందో చూద్దాం. ఛాసిస్ నుంచి కమానుకు, కమాను నుంచి ఇరుసుకు, ఇరుసు నుంచి బేరింగుకు, బేరింగు నుంచి చక్రానికి, టైరుకు. ఇది గొలుసు. గొలుసులో ఒక్క లింకును లావు చేస్తే గొలుసంతా లావవదు. పట్టీలు పెంచినందువల్ల ఇరుసు బలం పెరగలేదు, బేరింగు మారలేదు, బ్రేకు మారలేదు.

పైగా ఇంకో చిక్కు. మామూలు కమానైతే ఎక్కువ లోడుకు కిందికి దిగిపోయి "ఇంక చాలు" అని చెబుతుంది. పట్టీలు పెంచాక బండి వంగదు గనక ఆ హెచ్చరిక కూడా పోతుంది.

బ్రేకు సంగతి లెక్కలో చూద్దాం. మనలాంటి పదిమంది పిల్లలు, ఒక్కొక్కరు 50 కిలోలు, పెట్టె పదికిలోలు. మొత్తం 600 కిలోలు ఎక్కువ లోడు. ఆ బండి 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకోండి. 600 ను 9.8తో, మళ్ళీ 300తో గుణిస్తే 17,64,000 జౌళ్ళు. 30 డిగ్రీల నీళ్ళు ఆరు లీటర్లు మరిగే దాకా కాగాలంటే ఇంచుమించు ఇంత వేడి కావాలి. ఇది ఎక్కువ లోడుకు మాత్రమే, బండి సొంత బరువు వేరే. చిన్న గేరులో దిగితే ఇందులో చాలా భాగం ఇంజను భరిస్తుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో దించితే మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. కాలిపోయిన బ్రేకు పట్టదు.

మారేడుమిల్లి-చింతూరు ఘాట్‌లో 2019 అక్టోబరులో టూరిస్టుల వాహనం లోయలో పడి ప్రాణాలు పోయాయి. 2020 అక్టోబరులో గోకవరం దగ్గర తంటికొండ మీంచి పెళ్ళి జనం ఉన్న వ్యాను పడి మళ్ళీ ప్రాణాలు పోయాయి. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం ఉంటుంది. కానీ కొండ దారిలో బండికి శక్తి చాలకపోతే తప్పించుకునే చోటు ఉండదని రెండూ చెబుతున్నాయి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. కంపెనీ ఇచ్చిన లెక్కకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనులో ఉంది. ఎంతమంది కూర్చోవాలో బండి ఆర్.సి.లో రాసి ఉంటుంది. పట్టీలు వేయిస్తే ఆ అంకె మారదు.

<b>విరిగిన పట్టీని అతికించవచ్చా?</b>

కూడదు. మన కొలిమిలో పాత కమాను పట్టీలతో కత్తులు, గొడ్డళ్ళు చేయడం చూసే ఉంటారు. ఆ ఉక్కు మంచిది గనకనే పదును నిలుస్తుంది. కొలిమిలో ఎర్రగా కాచితే పట్టీ మెత్తబడి సుత్తికి లొంగుతుంది. మళ్ళీ నీళ్ళలోనో నూనెలోనో ముంచి గట్టిదనం తెస్తారు. వెల్డింగు పెడితే ఆ చోట కూడా పట్టీ కాలుతుంది, కానీ ఆ గట్టిదనాన్ని పద్ధతిగా తిరిగి ఎవరూ తేరు. దాంతో అతుకు పక్కనే మళ్ళీ విరుగుతుంది. విరిగిన పట్టీని మార్చాలి, అంతే.

<b>ఎక్కే ముందు చూడండి</b>

బండి ఒక పక్కకు ఒరిగి ఉందా? కమాను కట్టలో ఎక్కడైనా చీలిక, విరుపు ఉందా? యూ బోల్టు దగ్గర మెరుస్తున్న కొత్త రాపిడి గుర్తు ఉంటే బోల్టు వదులైందన్నమాట. వెనక చక్రం లోపలివైపు నూనె చెమ్మ ఉందా? ఉంటే ఇరుసు సీలు పోయింది, ఆ నూనె బ్రేకు మీదికి చేరుతుంది. వీటిలో ఏది కనబడినా "డ్రైవరు బాబాయ్, ఒకసారి ఇది చూడవా" అని మర్యాదగా చెప్పండి. మంచి డ్రైవరు కోప్పడడు.

వార్డెన్ గార్లకు ఒక మనవి. దసరా, సంక్రాంతి సెలవులకు మమ్మల్ని పంపేటప్పుడు జీపులో ఎంతమందిమి ఎక్కామో దయచేసి లెక్కపెట్టండి. టాపు మీద, వెనక నిచ్చెన మీద ఎవర్నీ ఎక్కనివ్వకండి. రెండో జీపు వచ్చేదాకా రెండు గంటలు ఆగమంటే ఆగుతాం. ఇంటికి ఆలస్యంగా చేరినా ఫరవాలేదు, అందరం చేరితే చాలు.

<b>చెప్పుకోండి చూద్దాం:</b> 6 మిల్లీమీటర్ల పట్టీ బదులు 12 మిల్లీమీటర్లది వేస్తే బిగువు ఎన్ని రెట్లు పెరుగుతుంది? జవాబు రాసి ఈ కాగితం కిందనే అంటించండి.