గాలి స్ప్రింగుల లారీకి షాకబ్జార్బరే కీలకం

కోడిగుడ్లు, గాజు పలకలు, ద్రాక్ష వంటి సరుకుల్లో కిరాయి బేరం ఎంత ముఖ్యమో, లారీ దింపాక తేలే తరుగు కూడా అంతే ముఖ్యం. గోదావరి జిల్లాల గుడ్లు కోల్‌కతాకూ, ఈశాన్య రాష్ట్రాలకూ రోజుల తరబడి లారీల మీద పోతాయి. దారిలో పగిలిన గుడ్డుకు ధర కట్టేవారు లేరు. ఈ తరుగులో రోడ్డు గతుకులతో పాటు లారీ కింది స్ప్రింగులకూ వాటా ఉంది.

మన లారీల్లో అధిక భాగం నేటికీ కమాను కట్టల మీదే నడుస్తున్నాయి. పట్టీ విరిగితే హైవే పక్క షెడ్డులోనే మార్చి పంపిస్తారు. ఆ సౌకర్యం చిన్నది కాదు. అయితే కట్టను నిండు బరువుకు తగినట్లు తయారు చేస్తారు. సగం లోడుతోనో, ఖాళీగానో వస్తే బండి ఎగిరెగిరి పడుతుంది. గాలి స్ప్రింగు తీరు వేరు. బరువు పెరిగితే లెవెలింగ్ వాల్వు రబ్బరు బెలోలోకి గాలి ఎక్కిస్తుంది, సరుకు దింపితే వదిలేస్తుంది. లోడు ఉన్నా లేకున్నా బండి ఎత్తు ఒకటే.

యూరప్‌లో ఈ గుణానికి టన్నుల్లోనే విలువ కట్టారు. 1996 నాటి యూరోపియన్ నిబంధన ప్రకారం మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితి 25 టన్నులు కాగా, డ్రైవింగ్ ఇరుసుకు జంట టైర్లు, గాలి స్ప్రింగులు ఉంటే 26 టన్నుల దాకా అనుమతించారు. ట్రిప్పుకో టన్ను అదనమన్నమాట. గాలివి కాని స్ప్రింగులు కూడా వాటితో సమానమని అనిపించుకోవాలంటే ఊపు సెకనుకు 2 సార్లకు మించరాదు. ఆ ఊపును అణచే బలంలో కనీసం సగం షాకబ్జార్బర్ల నుంచే రావాలి.

యజమానులు పొరపడేది ఇక్కడే. కమాను కట్టలో పట్టీల ఒరిపిడి వల్ల ఊపు కొంత దానంతటదే తగ్గుతుంది. గాలి బెలోకు ఆ ఒరిపిడి లేదు. షాకబ్జార్బరు పోతే బండి ఊగుతూనే ఉంటుంది, రోడ్డు మీద దెబ్బ కూడా పెరుగుతుంది. అయినా సీట్లో కూర్చున్న డ్రైవరుకు మెత్తగానే ఉంటుంది, ఎత్తు కూడా సరిగానే కనబడుతుంది. టైర్లు మచ్చలు మచ్చలుగా అరిగినప్పుడో, సరుకు దెబ్బతిన్నప్పుడో గాని లోపం బయటపడదు. పైగా చాలా బండ్లలో బెలో హద్దు మీరి సాగకుండా ఆపేది కూడా షాకబ్జార్బరే. దాని ఖర్చు వాయిదా వేస్తే బెలో ఖర్చు కూడా తోడయ్యే ప్రమాదం ఉంది.

తనిఖీకి పెద్ద యంత్రాలు అక్కరలేదు. బండి చాలా దూరం నడిచి ఆగిన వెంటనే షాకబ్జార్బర్లను జాగ్రత్తగా తాకి చూడాలి. అన్నీ వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే అది పని చేయడం లేదన్న అనుమానం. నూనె కారిన చారలుంటే చెప్పనక్కరలేదు. బెలోల మీద సబ్బునీళ్లు పోస్తే లీకు బుడగల్లో తెలుస్తుంది. డీజిలుతో, కిరసనాయిలుతో కడిగే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది గాని అది రబ్బరును తినేస్తుంది. ట్యాంకుల్లో నీరు ఎప్పటికప్పుడు వదలాలి, లేకుంటే వాల్వులు పాడవుతాయి. ఎత్తును తయారీదారు ఇచ్చిన కొలతకే ఉంచాలి. స్టాండ్లు పెట్టకుండా బండి కింద దూరడం ప్రాణాంతకం. బెలోలో గాలి పోతే ఛాసిస్ ఒక్కసారిగా కిందికి దిగుతుంది.

ఖర్చు మాత్రం ఇంకా ఎటూ తేలని లెక్క. షాకబ్జార్బర్లు మార్చేది లారీ యజమాని, తరుగు తగ్గి లాభపడేది సరుకు యజమాని. కిరాయి మాత్రం టన్నుల మీదే తెగుతుంది. పగిలే సరుకు పంపే వ్యాపారి బుకింగ్ రోజున బండి నంబరుతో పాటు షాకబ్జార్బర్లు ఎప్పుడు మార్చారో అడగడం, మార్చిన బండికి టన్నుకు కొంత ఎక్కువ ఇవ్వడం ఇద్దరికీ గిట్టుబాటే.