రశీదు లేని కళాకారుడు

జమీందారీ పోషణ పోయి గ్రాంటులు వచ్చాయి. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ప్రారంభమైంది. ముందడుగే. కాని ఒక చిన్న సహాయనిధి కమిటీలో పనిచేస్తూ నేనొకటి గ్రహించాను: కళాకారుణ్ణి ఎంపిక చేసేది మేము కాదు, మా ఫారం.

ఒక బుర్రకథ దళం డక్కీలకు తోలు మార్పించుకోవాలని సాయమడిగింది. ముందు ఖర్చు పెట్టి రశీదు తెమ్మన్నాం. తోలు బిగించేవాడి దగ్గర రశీదు పుస్తకమెక్కడిది? చేతిలో డబ్బే ఉంటే మా దగ్గరికెందుకొస్తారు? ఆ సొమ్ము ఆడిటరున్న పట్నం నాటక సంస్థకు పోయింది. వాళ్ల ప్రతిభను కాదనను. లెక్కలు ఇంకా బాగున్నాయి!

ఇప్పుడు సగం ముందే ఇస్తున్నాం. నోటితో చెబితే దరఖాస్తు మేమే రాసుకుంటాం. రశీదుకు బదులు పనివాడి వేలిముద్ర చాలు. దుర్వినియోగం జరగదా అని కొందరు సభ్యుల సందేహం. జరగవచ్చు. ఆ నష్టం మేం భరించగలం. ఆ దళం మాత్రం మళ్లీ రాలేదు.